చాటుగా విన్న మాటకు పరిహారము

(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున చేసిన ఉపన్యాసపు పాఠము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వరకట్న దురాచారమును గూర్చియు నిన్నటినుండి పెద్దలు ప్రసంగించుచున్నారు. న్యాయవాద వృత్తిలోనున్న మమ్ము చట్టవిషయము నొకదానిని గూర్చి మాటలాడుమని ఆహ్వానసంఘమువారు కోరిరి. ఆస్తి పంపకములను గూర్చియో, వీలునామాలను గూర్చియో చెప్పుదుమని మీరు తలంచియుందురు. మేము వేఱొక విషయము నెన్నుకొంటిమి. ఒకరి ఉత్తరమును గాని, టెలిఫోను సంభాషణను గాని, వారి యనుమతి లేక మూడవవాడు నడిమిదారిలో పట్టి చదివినను, వినినను, హాని పొందినవారు సివిలు న్యాయస్థానమున నేమి కోరవచ్చును? ఇదియే మా ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు పుస్తకములనుండి వచ్చినది కాదు. కొన్ని యేండ్ల క్రిందట మన సంఘ మధ్యవర్తుల యెదుటికి ఆలుమగల తగవొకటి వచ్చినది. మధ్యవర్తుల మైదుగురము. భర్తవైపు వారొక ఫోనును బల్లపై నుంచి, భార్య తన తల్లితో మాటలాడిన మాటలను మాకు వినిపించిరి. ఆ పిల్ల కెఱుకలేకుండ ఆమె ఫోనులో నొక యాప్‌ను చొప్పించి వాటిని పట్టిరట. అందు అపరాధ మేమియు లేదు. అత్తవారింటి కష్టములను బిడ్డ తల్లితో చెప్పుకొన్న మాటలే యవి. ఆ పిల్ల తండ్రి లేచి, “అయ్యా, తల్లీకూతుళ్లు చెప్పుకొన్న మాటలు మీరు వినవచ్చునా?” అని యడిగెను. ఎవరమును బదులు చెప్పలేదు. ఆయన కండువా భుజముపై వేసికొని వెడలిపోయెను. న్యాయవాదులమై యుండియు మేమును నోరు మెదపలేదు. నాడు చెప్పవలసిన బదులును నేడు చెప్పుటకు యత్నించుచున్నాము. ఆలస్యమునకు మీరును, ఆ తండ్రియు మన్నింపవలయును.

మొదట రెండు త్రోవలను వేఱుపఱచి చూడవలయును. ఒకటి నేరవిచారణ, రెండవది సివిలు వ్యాజ్యము. 1885నాటి టెలిగ్రాఫు చట్టము తంతివార్తలను అక్రమముగ తెలిసికొనుటను నేరముగ నెంచినది. దాని స్థానమున వచ్చిన 2023నాటి టెలికమ్యూనికేషనుల చట్టము 42వ విభాగమున, అక్రమముగ వార్తలను నడుమ పట్టినవారికి మూడేండ్ల వఱకు ఖైదుగాని, రెండు కోట్ల రూపాయల వఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చునని చెప్పుచున్నది. ఇది కఠినమైన శిక్షయే. కాని నేరవిచారణలో పగ్గములు ప్రభుత్వము చేతిలో నుండును. హాని పొందినవారు సాక్షులు మాత్రమే. జుల్మానా సొమ్ము సాధారణముగ ప్రభుత్వపు బొక్కసమునకు చేరును. ఇంతకును విన్నవాడు ప్రభుత్వోద్యోగియే యైనచో, కంచె చేను మేసినప్పుడు ఎవరితో మొఱపెట్టుకొందురు? 2024లో హైదరాబాదునందు పోలీసుశాఖకు చెందినవారిపైననే యిట్టి యారోపణలతో నేరము నమోదైనది మీ రెఱుగుదురు. న్యాయస్థానముల ముందునకు వచ్చిన విషయము గనుక దాని మంచిచెడ్డలను మేము చర్చింపము. ప్రశ్న మనకు దూరమైనది కాదని తెలుపుటకే పేర్కొంటిమి.

సివిలు వ్యాజ్యమున నట్లు కాదు. అందు హాని పొందినవాడే వాది. ఎవరిని ప్రతివాదిగ నిలుపవలయునో, ఏమి కోరవలయునో, ఎంతవఱకు పోరవలయునో అతడే నిర్ణయించును. అందుచేతనే ఇతర దేశములలో ఈ హక్కు చరిత్ర యంతయు వాదుల చరిత్రగనే నడచినది. అందు కొన్నిటిని మనవి చేసెదము.

ఇంగ్లండులో మలోన్ అను ప్రాచీనవస్తువుల వర్తకుడు కలడు. దొంగసొత్తు కొన్నాడని యతనిపై కేసు నడచుచుండగా, పోలీసు అధికారి చేతిపుస్తకమునుబట్టి తన టెలిఫోను మాటలను పోలీసులు వినిరని యతనికి తెలిసినది. అతడు లండను పోలీసు కమీషనరుపై సివిలు వ్యాజ్యము వేసెను. 1979 ఫిబ్రవరిలో సర్ రాబర్ట్ మెగారీ అను న్యాయాధిపతి తీర్పు చెప్పుచు, మాటలపై ఎవరికిని ఆస్తిహక్కు లేదనియు, తీగను ఇంటి యావల పట్టిరి గనుక ఇంటిలో అక్రమప్రవేశము కాలేదనియు, ఇంగ్లండు చట్టమున గోప్యతకు సామాన్యమైన హక్కు లేదనియు, చట్టము నిషేధింపని పనిని పోలీసులు చేయవచ్చుననియు నిశ్చయించి వ్యాజ్యమును కొట్టివేసెను. కాని ఈ విషయమున శాసనము అత్యవసరమని ఆ తీర్పునందే చెప్పెను. వర్తకుడు అంతటితో విడువలేదు. ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమున కెక్కెను. 1984 ఆగస్టులో ఆ న్యాయస్థానము ఇంగ్లండు ప్రభుత్వమునది తప్పని తీర్మానించినది. మఱుసటి యేడే, అనగా 1985లో, బ్రిటిషు పార్లమెంటు వార్తలను నడుమ పట్టుటను గూర్చి ప్రత్యేక చట్టమును చేసినది. స్వదేశమున ఓడిన వ్యాజ్యము ఆ దేశమునకు చట్టము నిచ్చినది. ఆ వర్తకుడు మంచివాడా చెడ్డవాడా యని మనము విచారింప బనిలేదు. హక్కు మంచివారి కొక్కరికే చెందినచో అది హక్కు కాదు, బహుమానము.

అమెరికాలో 1968నాటి చట్టము ఇంకొక యడుగు ముందునకు వేసినది. అక్రమముగ మాటలను పట్టినవారిపై సివిలు వ్యాజ్యము వేయు హక్కును స్పష్టముగ వ్రాసి, నష్టమింత యని రుజువు చేయలేకున్నను దినమునకు 100 డాలర్లుగాని, మొత్తము 1,000 డాలర్లుగాని, ఏది హెచ్చో దాని నియ్యవలయునని విధించినది. వెయ్యి డాలర్ల మొత్తమును 1986లో 10,000కు పెంచిరి. వకీలు ఖర్చులు గూడ రాబట్టుకొనవచ్చును. ఈ యేర్పాటులోని తెలివిని గమనింపుడు. ఎద్దు చచ్చిన సంతలో దాని వెల తెలియును. పంట చెడిన గింజల లెక్క గలదు. మాట పరుల చెవిని బడినచో వెల కట్టుట యెట్లు? ఆ చిక్కును తొలగించుటకే చట్టము తానే యొక మొత్తమును నిర్ణయించినది.

ఆ దేశముననే మార్టన్ హాల్పెరిన్ అను నుద్యోగి రాష్ట్రపతి నిక్సన్ కొలువులో, హెన్రీ కిసింజర్ క్రింద పనిచేయుచుండెను. 1969 మే మొదలు 21 నెలలు ఆయన యింటి టెలిఫోనును ప్రభుత్వము విన్నది. ఆయన కొలువు విడిచిన పిదపను వినుట మానలేదు. ఆ టెలిఫోనులో మాటలాడినవా రాయన యొక్కరే కారు, భార్యయు పిల్లలును మాటలాడిరి. 1973లో సంగతి బయటపడగా, కుటుంబమంతయు వాదులై రాష్ట్రపతిపైనను ఆయన మంత్రాంగముపైనను వ్యాజ్యము వేసిరి. క్రింది న్యాయస్థానము తప్పు జరిగినదని చెప్పియు 1977లో నామమాత్రపు పరిహారమునే యిచ్చినది. వాదులు అప్పీలుకు బోయిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టు వఱకు నెక్కి, ఏండ్లకొలది సాగినది. తుదకు 1992లో కిసింజర్ క్షమాపణ తెలుపుచు లేఖ వ్రాయగా, హాల్పెరిన్ వ్యాజ్యమును ఉపసంహరించుకొనెను. పందొమ్మిదేండ్ల పోరాటమున కాయన పొందిన ముఖ్యఫలము ఒక లేఖ. కొందఱికిది నవ్వులాటగ తోచవచ్చును. కాని అవమానమునకు సొమ్ముకంటె, తప్పు చేసినవాని నోట తప్పు అనిపించుటయే తగిన పరిహార మగు సందర్భములు కలవని మన పంచాయతీల పెద్దలకు తెలియనిదా?

వినువారు ప్రభుత్వమువారే కానక్కఱలేదు. లండను వార్తాపత్రికల విలేఖరులు కొందఱు, ప్రసిద్ధుల ఫోనులలో నితరులు విడిచిన సందేశములను చాటుగా వినిరి. కంపెనీ పెట్టిన తొలి రహస్యసంఖ్యను చాలమంది మార్చుకొనకపోవుటయే వారికి దారి యైనది. ఈ వ్యవహారము వెల్లడియై ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ పత్రిక 2011 జులైలో మూతపడినది. వేఱొక పత్రికాసంస్థయైన ‘మిర్రర్’ వర్గముపై నడచిన వ్యాజ్యమున 2015లో ఎనిమిదిమంది వాదులకు కలిపి దాదాపు 12 లక్షల పౌనుల పరిహారము లభించినది. పరిహారము మనస్తాపమునకు మాత్రమే కాదు, గోప్యతను కోల్పోవుటయే యొక నష్టము గనుక దానికిని ఈయవలయునని న్యాయాధిపతి చెప్పెను. పై న్యాయస్థానమును దానిని స్థిరపఱచినది. అదే సంస్థపై 2023 డిసెంబరులో బ్రిటిషు రాకుమారుడు హారీకి 1,40,600 పౌనులు వచ్చినవి. మఱియు ఇజ్రాయెలు దేశపు ‘ఎన్.ఎస్.ఓ.’ సంస్థ తన ‘పెగాసస్’ అను వేగు సాధనముచే దాదాపు 1,400 ఫోనులలో జొరబడినదని వాట్సాప్ సంస్థ 2019లో కాలిఫోర్నియాలో వ్యాజ్యము వేసినది. 2025 మేలో జూరీవారు 16 కోట్ల డాలర్లకు మించి పరిహారము విధించిరి. అదే యేడు అక్టోబరులో న్యాయాధిపతి దండనరూపపు మొత్తమును దాదాపు 40 లక్షల డాలర్లకు తగ్గించి, ఇకముందట్లు జొరబడరాదని శాశ్వత నిషేధాజ్ఞ నిచ్చెను.

ఇక మన దేశము మాట. రాజకీయ నాయకుల టెలిఫోనులను వినుచున్నారని 1991లో పత్రికలలో ప్రకటింపబడగా, పౌరహక్కుల సంఘమైన పి.యు.సి.ఎల్. సుప్రీంకోర్టున కెక్కినది. 1996 డిసెంబరు 18న వచ్చిన తీర్పున, టెలిఫోనులో మాటలాడుట గోప్యజీవనములో భాగమే యనియు, రాజ్యాంగము 21వ అధికరణము దానిని కాపాడుననియు న్యాయస్థానము చెప్పినది. హోముశాఖ కార్యదర్శి యుత్తరువు లేక వినరాదు. ఉత్తరువు రెండు నెలలకే చెల్లును. పొడిగించినను ఆరు నెలలకు మించరాదు. పునర్విచారణ సంఘము దానిని పరిశీలింపవలయును. ఇట్టి నిబంధనలను విధించినది. 2017 ఆగస్టు 24న తొమ్మండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగ తీర్మానించినది. 2019లో బొంబాయి ఉన్నతన్యాయస్థానము, ఒక వ్యాపారి ఫోనును వినుటకిచ్చిన మూడుత్తరువులను రద్దుచేసి, పట్టిన సంభాషణలను ధ్వంసము చేయుమని యాజ్ఞాపించినది.

ఇవన్నియు ఘనమైన తీర్పులు. కాని వీనిలో నిబంధనలు వచ్చినవి, రద్దులు వచ్చినవి, పరిహారపు సొమ్ము రాలేదు. అమెరికా చట్టమునందువలె దినమున కింతయని నిర్ణయించిన శాసనము మనకు లేదు. అట్లని ద్వారములన్నియు మూసియున్నవని తలంపరాదు. 2000నాటి సమాచార సాంకేతిక చట్టము 43వ విభాగము ప్రకారము, అనుమతి లేక యితరుల కంప్యూటరులో జొరబడినను, అందలి సమాచారమును గ్రహించినను, హానికరమైన సాధనమును చొప్పించినను పరిహారము కోరవచ్చును. సెల్‌ఫోను గూడ ఈ చట్టము దృష్టిలో కంప్యూటరే యని 2005లోనే మన ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానము తీర్మానించినది. ఐదు కోట్ల రూపాయలకు మించని పరిహారమును కోరు అర్జీని రాష్ట్రములోని నిర్ణయాధికారి యెదుట పెట్టవలయును. సాధారణముగ సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శియే ఆ యధికారి. అంతకు మించినచో సివిలు న్యాయస్థానమునకు బోవలయును. మాటలను ఇంకొకరికి వినిపింపకుండ నిషేధాజ్ఞ కోరు దావా యెటులును కలదు. మా యనుభవమున సొమ్ముకంటె ఈ నిషేధాజ్ఞయే ముందుగ నవసరమగును. ఏలయన, పోయిన సొమ్ము తిరిగివచ్చును గాని, పదిమంది విన్న మాట వెనుకకు రాదు.

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వత్తుము. మా మధ్యవర్తుల సభలో జరిగినదానికి పోలిక గల వ్యవహారమే మన ఉన్నతన్యాయస్థానమున నడచినది. 2008నాటి న్యాయనివేదికలలో ఆ తీర్పును చూడవచ్చును. విడాకుల వ్యాజ్యమున భర్త, తన భార్య తల్లిదండ్రులతోను స్నేహితులతోను మాటలాడిన సంభాషణలను ఆమెకు తెలియకుండ పట్టి, సాక్ష్యముగ దాఖలు చేసెను. ఆమె కంఠస్వరమును నిపుణులచే పోల్చి చూపింపవలయునని కోరెను. క్రింది న్యాయస్థానము సమ్మతించినది. ఉన్నతన్యాయస్థానము సమ్మతింపలేదు. భార్య గోప్యతకు భర్తయు భంగము కలిగింపరాదనియు, అట్లు పట్టుట అక్రమమనియు, తలిదండ్రులతో మాటలాడు మాటలయందు గూడ భార్యను నమ్మని యెడల వివాహబంధమునకే యర్థము లేదనియు చెప్పినది. కావున మహాశయులారా, “వినవచ్చునా?” యను ప్రశ్నకు బదులు మన యున్నతన్యాయస్థానము మాకు ముందే చెప్పియున్నది. మేము వినకూడని దానిని వింటిమి.

ఇచ్చట నొక సందేహమును తీర్పవలయును. 2025 జులైలో సుప్రీంకోర్టు, భర్త తనతో భార్య మాటలాడిన మాటలను రహస్యముగ రికార్డు చేసి తెచ్చినను, విడాకుల వ్యాజ్యమున సాక్ష్యముగ స్వీకరింపవచ్చునని తీర్పు చెప్పినది. దీనిని పత్రికలలో చూచి, ఇక ఇంటింట చెవులు పెట్టవచ్చునని మనవారిలో కొందఱు సంతోషించుట మేమెఱుగుదుము. వారు రెండు భేదములను మఱచుచున్నారు. తాను మాటలాడిన మాటను తాను పదిలపఱచుకొనుట వేఱు, ఇతరులిద్దఱు మాటలాడుకొనుచుండగా మూడవవాడు పట్టుట వేఱు. ఆ వ్యాజ్యమునందలివి ఆలుమగలు తమలో తాము మాటలాడుకొన్న మాటలు. మఱియు సాక్ష్యము చెల్లుట వేఱు, పని ధర్మబద్ధ మగుట వేఱు. అక్రమముగ వచ్చినదను నొక్క కారణముచే సాక్ష్యమును త్రోసివేయ బనిలేదని 1973లోనే సుప్రీంకోర్టు చెప్పియున్నది. దొంగ తెచ్చిన దీపము గూడ వెలుగునిచ్చును. అంతమాత్రమున దొంగతనము పుణ్యము కాదు. ఆ సాక్ష్యము చెల్లినను, తెచ్చినవాడు నష్టపరిహారమునకు బాధ్యుడు కాడని దాని యర్థము కాదు.

“ఫోను కొన్నది భర్త, బిల్లు కట్టునది భర్త” యని వాదించువారును కలరు. కలము కొనియిచ్చినవానిది ఉత్తరమగునా?

హాని పొందినవారికి నాలుగు మాటలు. అనుమానము కలిగినప్పుడు ఫోనులోని దేనిని తుడిచివేయక, నమ్మకమైన నిపుణునిచే పరీక్ష చేయింపుడు. ఎలక్ట్రానిక్ సాక్ష్యమునకు 2023నాటి భారతీయ సాక్ష్య చట్టము 63వ విభాగము క్రింద ధ్రువపత్రము కావలయును. అది లేక మంచి వ్యాజ్యములే చెడినవి. వకీలు ద్వారా నోటీసిచ్చి, పట్టిన ప్రతులను ఎవరికిని వినిపింపరాదని ముందుగ కోరుడు. కాలహరణము చేయకుడు, వ్యాజ్యములకు గడువు కలదు.

తుదకు మన సంఘము చేయదగిన పనులు మూడు మనవి చేసెదము. మొదటిది, మన మధ్యవర్తుల సభలయందు, మాటలాడిన వారందఱ సమ్మతి లేక యే సంభాషణమును వినరాదని నియమము చేసికొనవలయును. రెండవది, మన వసతిగృహములలో బాలబాలికల యుత్తరములను, ఫోనులను పాలకులు చాటుగ చూడరాదు. పిల్లలను కాపాడవలసినచో పిల్లలతోనే మాటలాడవలయును. మూడవది, ఇట్టి వ్యాజ్యము వేయదలచి ఖర్చులకు వెఱచువారి కొఱకు విద్యానిధికి ప్రక్కన నొక చిన్న న్యాయసహాయ నిధిని పోషకులు స్థాపింపవలయును. ప్రతివాది మన సంఘ సభ్యుడే యైనను ఆ సహాయమును నిరాకరింపరాదు.

ఈ మూడవ మాట కొందఱికి రుచింపదు. మన యింటి గుట్టు కోర్టున బడినచో సంఘము పరువేమగునని యందురు. మేము వినయముతో నడుగుచున్నాము. ఆ దినమున ఒక యింటి గుట్టును బల్లపై నుంచి విన్నది కోర్టా, మనమా? పరువు పోవుట వ్యాజ్యము వేసిననాడు కాదు, ఆ తండ్రి మనలను చూచి లేచిపోయిననాడే పోయినది. ఆయన సంఘమునకు నేటికిని చందా పంపుచున్నాడని కోశాధికారి చెప్పగా వింటిమి. ఈ నియమములను అంగీకరించితిమని తెలుపుచు ఆయనకొక లేఖ వ్రాయుట మన కనీస ధర్మము. ఒక లేఖ కొఱకు పందొమ్మిదేండ్లు పోరాడినవారి కథను వింటిరి. మన తండ్రిని అంతకాలము వేచియుండునట్లు చేయరాదు.